మంచి కేసు

ధర్మపురి దాటాక హైవే పక్కన దొరైసామి ట్రస్టు వాళ్ళ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఎంబీబీఎస్ ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. పచ్చ పరదా చాటున మంచం మీద రోగి పూంగావనం. ఆమెను పరీక్షించి రోగమేమిటో చెప్పవలసిన విద్యార్థిని హేమప్రియ. ఎగ్జామినర్ రావడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి.

“అమ్మాడీ! చెయ్యి మంచుగడ్డ మాదిరి ఉండాది. కొంచెం రుద్దుకోని పెట్టు పాపా... అయ్యో, నేనొకదాన్ని. తెలుగులో చెప్తే నీకేమి అర్థమౌతాది!”

“మీరు... తెలుగువాళ్ళా?”

“ఓ! నువ్వూనా?”

“మాది కడత్తూరు. ఇంట్లో తెలుగే.”

“కడత్తూర్లో ఎవురింటి బిడ్డవి?”

“బస్టాండు దగ్గర మళిగ సామాన్ల అంగడి, పప్పూ ఉప్పూ అమ్మేది. రాజ్‌మోహన్ అంగడి అంటారు. మా నాయన.”

“అంగడోళ్ళ పాపవా! మేము కట్టడం పనోళ్ళం. మా ఇంటాయన మునియప్పన్, మేస్త్రి. నేనూ పోతా ఉంటి, తట్టలో సిమెంటు మాలు మోసేదానికి. ఇప్పుడు మోయలేను. కూర్చోని ఇసక జల్లిస్తా.”

“నా పేరు హేమప్రియ. మీ పేరు, వయసు, ఊరు చెప్పండక్కా. టైం పోతా ఉండాది.”

“పూంగావనం. ఇండూరు. ముప్పైతొమ్మిది రాసుకో. పోయినసారి ముప్పైఎనిమిది చెప్పినాను.”

“పూంగావనమా? ఇండూరు పూంగావనం?”

“అవును. ఏమి, పేరు బాగలేదా?”

“లేదు, లేదు. బాగుండాది.”

“ఎవురన్నా చెప్పినారా నా గురించి? మీ కాలేజీలో నన్ను తెలియనోళ్ళు లేరు. మంచి కేసు, మంచి కేసు అంటారు.”

“ఆడాడ... విన్నాను. సరి, ఏమి కష్టం అక్కా మీకు?”

“దగ్గరికి రా. నా రోగం పేరు నేనే చెప్పేస్తా.”

“వద్దక్కా! పేషెంటు చెప్పకూడదు. మేమే కనిపెట్టాల.”

“నాకు తెలీదా ఆ రూలు? ఐదేండ్లుగా ఎవురికీ చెప్పలేదు. ఒక పిల్లోడు ఈ మంచం కాడే ఏడ్చినాడు, ‘అక్కా ఒక్క మాట చెప్పు’ అని. చెప్పలేదు. నువ్వు మన మాట మాట్లాడినావు. నీకు చెప్తా.”

“మొదట నేను చూస్తాను. నాకు రాకపోతే చెప్పండి.”

“నీ ఇష్టం. భయపడతా ఉండావు.”

“ఇది నాకు రెండోసారి అక్కా. పోయిన పరీక్షలో ఇట్లా పెద్ద కేసులోనే ఫెయిలు చేసినారు. ఈసారి పోతే నాతో చదివినోళ్ళంతా డాక్టర్లైపోతారు, నేను ఇంట్లో కూర్చుంటా.”

“పోదు. నేనుండాను. ఎడమ పక్కకు తిరిగి పండుకొమ్మని చెప్పు నాకు. చెప్పు.”

“ఎడమ పక్కకు తిరగండక్కా.”

“ఇప్పుడు స్టెతస్కోపుకు ఆ చిన్న మూతి ఉండాదే, అది పెట్టు. పెద్దది కాదు. రొమ్ము కింద, ఇదో ఈడ. ఊపిరి బయటికి విడిచి బిగబట్టమని చెప్పు.”

“ఊపిరి విడవండి. అట్లే ఉండండి.”

“వినపడిందా? రాళ్ళ మీద ఎద్దులబండి పోయినట్టు?”

“వినపడింది. గుడగుడా అని. బాగా వినపడతా ఉండాదక్కా.”

“జిల్లాలోనే ఇంత బాగా వినపడే గుండె ఇంకోటి లేదంట. శంకరనారాయణన్ సారు చెప్పినాడు. మీ చీఫు. తానే ఫోను చేస్తాడు నాకు. ‘పూంగావనం, సోమవారం పరీక్ష, వ్యాను పంపిస్తా, రెడీగా ఉండు’ అంటాడు. మా సైట్లో ఆడోళ్ళు అడుగుతారు, ఏమే, నీకు వ్యానా అని. నేను డాక్టర్లకు పాఠం చెప్పేదాన్నే అంటాను. అబద్ధమా? నా గుండె విని పాసైనోళ్ళు ఎంతమందో. ఒక పాప ఇప్పుడు హరూర్లో డాక్టరు, తెలుసా?”

“ఆయాసం ఎప్పటినుంచి?”

“రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మొదలు. అప్పుడే సారు కనిపెట్టినాడు. మొదట మెట్లెక్కితే వచ్చేది. పోయిన మాఘంలో తీర్థమలై పోయినాము మొక్కుకు. నూరు మెట్లెక్కినానో లేదో, కూలబడిపోయినాను. మావాళ్ళు పైకిపోయి దర్శనం చేసుకోని వచ్చినారు. నేను కింద బొరుగుల అంగట్లో కూర్చున్నాను. ఇప్పుడు పండుకుంటేనే ఊపిరాడదు. గోడకానుకోని నిద్రపోతా.”

“చిన్నప్పుడు కీళ్ళు వాచి జొరం వచ్చిందా?”

“వచ్చింది. భలే అడిగినావు. అది అడిగితే సారు తల ఊపుతాడు.”

“చెయ్యి ఇవ్వండి, నాడి చూస్తాను.”

“చూడు.”

“...”

“ఇంతసేపా? మిగతా పిల్లోళ్ళు తొందరగా వదిలేస్తారే.”

“మాట్లాడొద్దక్కా, ఒక నిమిషం... ఇది తప్పుతా ఉండాది.”

“ఏది?”

“నాడి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, నడమ ఒకటి లేకుండా. ముందు ఎవురన్నా చెప్పినారా, నాడి లెక్క తప్పుతా ఉండాదని?”

“లేదే. ‘రెగులరు’ అనే చెప్తారు అందరూ. నాకు మాత్రం రెండు నెల్లుగా గుండె దడదడ అంటాది, ఉండుండి.”

“చెయ్యి, కాలు ఎప్పుడన్నా మొద్దుబారినాయా? మాట తడబడిందా?”

“చెయ్యా? పోయిన వారం టీ తాగతా ఉంటే గ్లాసు జారిపోయింది. ఈ కుడి చెయ్యి నాదే కాదన్నట్టు ఉండింది. మా బిడ్డ కలైవాణిని పిలవబోతే పేరు రాలేదు నోటికి. నీళ్ళు తాగినాను, కొంచెంసేపటికి సరిపోయింది. ఎండదెబ్బ అనుకున్నాను.”

“ఎవురికి చెప్పినారు?”

“ఎవురికీ లేదు. అడగలేదు గదా ఎవురూ. ఏమి పాపా, తప్పా అది?”

“అక్కా, నేను చెప్పేది బాగా వినండి. మీ గుండెలో ఒక తలుపు సగం మూసుకోని ఉండాది. రక్తం ఆడ నిలబడి గడ్డ కడతాది. ఆ గడ్డ తలకాయకు పోతే చెయ్యి కాలు పడిపోతాయి. పోయిన వారం చిన్న ముక్క పోయి కరిగిపోయి ఉంటాది. ఇంకోసారి కరగకపోవచ్చు. ఏమి మందులిస్తా ఉండారు మీకు?”

“మూడు వారాలకొక సూది. రెండు రకాల మాత్రలు. నీళ్ళు బాగా పోయేది ఒకటి, దడ తగ్గేది ఒకటి.”

“రక్తం గడ్డ కట్టకుండా మాత్ర? నెలనెలా రక్తం తీసి చూసేది?”

“అట్లాంటిది లేదు.”

“ఆ తలుపు తెరిచేదానికి ఆపరేషన్ ఉండాదని ఎవురూ చెప్పలేదా?”

“ఒక పాప చెప్పింది. మూడేండ్ల ముందర, కొత్తగా వచ్చిన డాక్టరు. సేలం పో అక్కా, తొడలోనుంచి బెలూను పెట్టి తెరుస్తారు, మూడు దినాల్లో ఇంటికి వచ్చేయచ్చు, సర్కారు బీమా కార్డుంటే ఉచితం అని చెప్పింది. నేను సారును అడిగినాను. ‘ఆ పిల్లకేమి తెలుసు, నీది బంగారం మాదిరి గుండె, మాత్రలతో నిలబడతాది, పరీక్షలు కానీ చూస్తాము’ అన్నాడు. తర్వాత ఆ పాప కనపడలేదు.”

“పరీక్షలు కానీ... అన్నాడా?”

“అవును. పరీక్షలు ఏడాదికి రెండు వస్తానే ఉంటాయి గదా. నేను మళ్ళీ అడగలేదు. అంత పెద్ద డాక్టరును పొద్దుకు పదిసార్లు అడుగుతామా? సరిలే, నువ్వు కనిపెట్టినావా నా రోగం?”

“కనిపెట్టినాను. మైట్రల్ స్టెనోసిస్.”

“అంతేనా? పూర్తిగా చెప్తేనే మార్కులు. విను, నాకు నోటికి వచ్చు. రుమాటిక్ హార్టు డిసీసు, మైట్రలు స్టెనోసిసు, సివియరు, పేషెంటు నాటు విల్లింగు. కడాకు, ఆఖరి మాటగా, అది చెప్పాల. మరిచిపోవద్దు. పేషెంటంటే నేను, అది తెలుసు. ఆ నాటు విల్లింగు అనేది రోగంలో ఏదో రకం ఉంటాది. అందరూ చెప్తారు. రాసుకో పాపా. ఏమి, మొగం అట్లా అయిపోయింది?”

“ఏమీ లేదు. బీపీ చూస్తా, ఇంకో చెయ్యి ఇవ్వండి.”

“తప్పు చెప్పినానా?”

“తప్పు కాదు. అది... అది రోగం పేరు కాదక్కా.”

“మరి?”

“చెయ్యి వదులుగా పెట్టండి.”

“మొదట చెప్పు. ఐదేండ్లుగా వింటా ఉండాను దాన్ని.”

“ఆపరేషన్ చేస్తామని చెప్పినాము, పేషెంటు ఒప్పుకోలేదు అని.”

“ఏ పేషెంటు?”

“మీరేనక్కా.”

“నేనా? నేను ఎప్పుడు ఒప్పుకోలేదు? నన్నెవురు అడిగినారు?”

“మెల్లగా అక్కా. పక్క మంచాల్లో పరీక్ష జరుగుతా ఉండాది.”

“నా తల మీదనే నిలబడి చెప్పినారే! ఒకరా ఇద్దరా! నేను నవ్వుతా ఉంటినే, కరెక్టుగా చెప్పినాడు బిడ్డ అని! సారు కూడా విన్నాడే. విని తల ఊపినాడే.”

“అక్కా, ఏడవొద్దు. ఆయాసం ఎక్కువౌతాది.”

“ఆ డాక్టరు పాప చెప్పిన దినం పోయుంటే సరిపోయేదా నాకు? మూడేండ్ల ముందర?”

“...సరిపోయేది. అప్పుడు బెలూనుతో అయిపోయి ఉంటాది. ఇప్పుడు మొదట రక్తం పలచబడే మందు పెట్టాల, గడ్డ ఉండాదో లేదో చూడాల. గడ్డ ఉంటే బెలూను ఆగాల్సిందే. రొమ్ము కోసి తలుపే మార్చాల్సి రావచ్చు.”

“ఎందుకు పాపా అట్లా చేసినాడు? నేనేమి పాపం చేసినాను ఆయనకు? పిలిచినప్పుడంతా వచ్చినానే. మా మరిది పెళ్ళి నాడు కూడా వచ్చినాను, పిల్లోళ్ళ పరీక్ష అని.”

“బెలూను పెట్టి తెరిస్తే ఆ గుడగుడ తగ్గిపోతాదక్కా. వినపడదు.”

“వినపడకపోతే?”

“పరీక్షకు పెట్టేదానికి పనికి రాదు. కొంచెం నీళ్ళు తాగండి.”

“దానికా వ్యాను!”

“అక్కా...”

“సారు పెద్దాయన, ఆయన సంగతి దేవుడు చూసుకుంటాడు. ఈ పిల్లోళ్ళు ఎట్లా రాసినారు? నా మొగం ముందర కూర్చోని, నా చెయ్యి పట్టుకోని, అక్కా అక్కా అని పిలిచి, ఒక్క మాట అడగలేదే!”

“కొందరు... మొగం కూడా చూసి ఉండరు. ఏడాదికొక స్టూడెంటు మీ ఫైల్లో కొత్త కేసు షీటు రాయాల. పది మంది పేషెంట్ల షీట్లు ఒకే దినం ఇయ్యమంటారు. పాత షీటు పక్కన పెట్టుకోని, తేదీ, వయసు మార్చి...”

“చూడకుండానేనా?”

“చూడకుండానే.”

“వాళ్ళ చేతులు ప... వద్దు. నోటితో అనను. డాక్టరు చెయ్యి అది. నలుగురికి సూది వేసే చెయ్యి. నేనెందుకు శాపం పెట్టాల? నువ్వెందుకు ఏడుస్తా ఉండావు? నువ్వేమి చేసినావు? నువ్వొక్కదానివే అడిగినావు నన్ను.”

“అక్కా, మీకొక మాట చెప్పాల.”

“ఎవురో వస్తా ఉండారు. కండ్లు తుడుచుకో. తుడుచుకో పాపా, మార్కులు పోతాయి.”

పరదా తొలగింది. వచ్చినది బయటి కాలేజీ ఎగ్జామినర్ డాక్టర్ కాంతామణి. చేతిలో పూంగావనం పాత ఫైలు. ఆమె మాట్లాడేది తమిళం; ఆమెతో వీళ్ళ మాటలూ తమిళంలోనే.

“ఇరవైఆరో నంబరు, మొదలుపెట్టు. చదవొద్దు, నన్ను చూసి చెప్పు.”

“పేషెంటు పూంగావనం, ముప్పైతొమ్మిదేళ్ళు, ఇండూరు, కట్టడం పని. ఆరేళ్ళుగా ఆయాసం. రెండు నెలలుగా గుండె దడ. పోయిన వారం కుడి చెయ్యి మొద్దుబారి, మాట రాకుండా పోయింది మేడం. కొంచెంసేపటికి సరిపోయింది.”

“ఆగు. చెయ్యి మొద్దుబారిందా? ఈ ఫైల్లో అది లేదే.”

“ఎవరూ అడగలేదు మేడం. నేను నాడి పూర్తిగా ఒక నిమిషం చూశాను. లెక్క తప్పుతోంది.”

“ఇటు ఇవ్వమ్మా చెయ్యి... అవును. ఇంతకు ముందు ఈ మంచం దగ్గరే ఒక అబ్బాయి రెగ్యులర్ అన్నాడు. ఏం జబ్బు?”

“మైట్రల్ స్టెనోసిస్, సివియర్. ఇప్పుడు నాడి కూడా తప్పింది. గడ్డ కట్టే ప్రమాదం ఉంది.”

“సరిగ్గా చెప్పావు. ఏం చేయాలి?”

“ఈ రోజే అడ్మిట్ చేసి రక్తం పలచబడే మందు మొదలుపెట్టాలి. తలుపు తెరవడానికి పెద్ద సెంటరుకు పంపాలి. మూడేళ్ళ కిందటే పంపి ఉండాలి మేడం.”

“అడ్మిషన్ నేను చూసుకుంటాను. ఇప్పుడే రాస్తాను, ఈమె ఇంటికి పోకూడదు. అమ్మా, విన్నావా? ఇవాళ ఇంటికి పోకూడదు నువ్వు.”

“విన్నానమ్మా. పోను.”

“ఇప్పుడు చెప్పు, ఇరవైఆరూ. మూడేళ్ళ కిందటే పంపి ఉండాలి అన్నావు. ఎందుకు పంపలేదు? ఫైల్లో ఉందిగా. ‘పేషెంట్ నాట్ విల్లింగ్.’ పేషెంటు ఒప్పుకోకపోతే డాక్టరేం చేస్తాడు?”

“ఒప్పుకోలేదన్నది నిజం కాదు మేడం. ఆమెను ఎవరూ అడగలేదు.”

“ఎంత పెద్ద మాట అంటున్నావో తెలుసా? మీ చీఫ్ అవతలి టేబుల్ దగ్గరే ఉన్నారు. నీకు మార్కులు వేసేవాళ్ళలో ఆయనా ఒకరు.”

“తెలుసు మేడం.”

“అమ్మా, నిన్ను నిజంగా ఎవరూ అడగలేదా?”

“లేదమ్మా. మా కులదైవం మీద ఆన. అడిగుంటే నడుచుకుంటానైనా పోయుంటాను సేలానికి.”

“ఆమె అంటుంది. నేను నమ్మాలనే అనుకుంటున్నాను. కానీ రేపు నేను యూనివర్సిటీకి రాస్తే, మీ చీఫ్ ఈ ఫైలు తెచ్చి బల్ల మీద పెడతారు. చూడు. ఐదు షీట్లు. ఐదేళ్ళు. ఐదుగురు స్టూడెంట్లు. అందరూ అదే మాట రాశారు. ఐదుగురు చదువుకున్నవాళ్ళ రాత ఒకవైపు, ఇసక జల్లించే మనిషి మాట ఒకవైపు. ఎవరిది నిలబడుతుంది?”

“వాళ్ళు అడిగి రాయలేదు మేడం. పాత షీటు చూసి ఎక్కించారు. ముందు షీటులో ఉన్న తప్పులతో సహా.”

“నీకెలా తెలుసు? షీట్ల మీద రాసినవాళ్ళ పేర్లు కూడా లేవు. కింద చీఫ్ సంతకం తప్ప ఏమీ లేదు. చూసి ఎక్కించారని నీకెలా తెలుసు? పక్కన ఉండి చూశావా?”

“లేదు మేడం.”

“ఎవరైనా చెప్పారా?”

“లేదు.”

“మరి ఊహించి చెప్తున్నావా? నాకు టైం లేదమ్మా, ఇంకా ఏడుగురున్నారు. ఊహ అయితే ఇక్కడితో వదిలెయ్. నీ కేసు బాగా చెప్పావు, నీకేం భయం లేదు. పాసయినట్టే అనుకో. వదిలేస్తావా?”

“చెప్పేయి పాపా. అట్లా తల వంచుకుంటే ఎట్లా? ఈమె మంచామె మాదిరి ఉండాది, నమ్మేటట్లే ఉండాది. నీకెట్లా తెలుసో అది చెప్పేయి. నా కోసరం చెప్పు. నాకింక ఎవురుండారు ఈడ, నువ్వు తప్ప?”

“ఆ చివరి షీటు... ఆ చేతిరాత నాది, అక్కా.”